కఫం రిపోర్టులో ఆస్పర్‌జిల్లస్ వచ్చింది, ఇట్రాకొనజోల్ మొదలుపెట్టాలా?

బాబు_అమ్మ
మంగళవారం, రాత్రి 10:12

నమస్కారం అండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. మా బాబుకి 11 ఏళ్ళు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సిఎఫ్, పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో జిగురు చిక్కబడే జబ్బు) అని రెండో ఏట తేలింది, చెమట పరీక్షలో క్లోరైడ్ 98 వచ్చింది. అప్పటినుంచీ మా గొడవంతా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాతోనే. నెబ్యులైజర్‌లో టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక నెల పెట్టడం, ఒక నెల ఆపడం.

ఇప్పుడు రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. యాంటీబయాటిక్ రెండు కోర్సులు అయ్యాయి, ఏమీ తేడా లేదు. పొద్దున్నే కఫంలో గోధుమరంగు ముక్కలు పడుతున్నాయి, రబ్బరులా గట్టిగా ఉంటున్నాయి. ఎఫ్‌ఈవీ1, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో వచ్చే గాలి లెక్క, 84 నుంచి 71కి పడిపోయింది. ఈసారి కల్చర్‌లో (కఫాన్ని ప్లేటు మీద వేసి ఏం పెరుగుతుందో చూసే పరీక్ష) "ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్" అని రాశారు, అదొక బూజట. మా డాక్టర్ గారు సెలవులో ఉన్నారు. ఆయన బదులు చూసినవారు రిపోర్టు చూసి ఇట్రాకొనజోల్ అనే బూజు మందు క్యాప్సూల్స్ రాసిచ్చారు, కొన్ని నెలలు వాడాలి అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

ఊపిరితిత్తుల్లో బూజు పట్టిందంటే నాకు కాళ్ళూచేతులూ ఆడటం లేదు. చీటీ పట్టుకుని కూర్చున్నాను. మొదలుపెట్టనా? మా డాక్టర్ గారు వచ్చేదాకా, అంటే ఇంకో తొమ్మిది రోజులు, ఆగనా?

ఊపిరి_లెక్క
మంగళవారం, రాత్రి 10:40

అక్కా, ముందు గాభరా పడకండి. నాకు 31. నా కఫంలో ఆస్పర్‌జిల్లస్ 14 ఏళ్ళుగా వస్తూ పోతూ ఉంది. ఇన్నేళ్ళలో దానికోసం మందు వేసుకున్నది రెండుసార్లే. మిగతా అన్నిసార్లూ డాక్టర్లు రిపోర్టు చూసి, నన్ను చూసి, పక్కన పెట్టేశారు. రిపోర్టులో పేరు కనపడిందల్లా జబ్బు కాదు.

పెట్రీ_డిష్
మంగళవారం, రాత్రి 11:25

ల్యాబ్‌లో పనిచేస్తాను, మైక్రోబయాలజీ. రోజూ ఈ బూజునే చూస్తాను కాబట్టి నాలుగు మాటలు.

ఆస్పర్‌జిల్లస్ గాలిలో ఉంటుంది. కుళ్ళే ఆకులు, ఎరువు కుప్పలు, తడిసిన గోడలు, కట్టడాల దుమ్ము, అన్నిచోట్లా. దాని బీజాలు 2 నుంచి 3 మైక్రాన్లు ఉంటాయి, ఊపిరితిత్తుల అట్టడుగు దాకా వెళ్ళిపోయేంత చిన్నవి. మనందరం రోజుకి వందల్లో పీల్చేస్తాం. మామూలు మనిషిలో వాటిని జిగురు పట్టుకుంటుంది, సన్నని వెంట్రుకల్లాంటివి పైకి నెట్టేస్తాయి. సిఎఫ్‌లో జిగురు చిక్కబడి కదలదు కాబట్టి బీజానికి కూర్చోడానికి చోటూ, మొలకెత్తడానికి సమయమూ దొరుకుతాయి. మీ ఇల్లు శుభ్రంగా లేక వచ్చింది కాదమ్మా, అది మనసులోంచి తీసెయ్యండి.

రిపోర్టు గురించి రెండు సంగతులు. కల్చర్‌లో పెరిగింది అంటే కఫంలో ఉందని అర్థం, అంతే. హాని చేస్తోందా లేదా అన్నది ప్లేటు చెప్పదు. రెండోది, పెరగలేదంటే లేదని కూడా కాదు. సూడోమోనాస్ ఉన్న కఫాన్ని మామూలు ప్లేటు మీద వేస్తే అది అంతా కమ్మేస్తుంది, బూజుకి చోటుండదు. అందుకని ఫంగల్ కల్చర్ అని విడిగా అడగాలి. పక్కన "క్యాండిడా" అని కూడా రాసి ఉంటే దానికి కంగారు పడకండి, అది చాలావరకు నోట్లోంచి వచ్చేదే.

చిట్టితల్లి_నాన్న
బుధవారం, ఉదయం 6:50

పైన ఇద్దరూ చెప్పింది నిజమే కావచ్చు. కానీ "పట్టించుకోకండి" అన్నట్టు వినపడుతోంది, అది నాకు నచ్చలేదు.

మా పాపకీ ఇలాగే వచ్చింది. బూజు అందరికీ ఉంటుంది అన్నారు. ఐదు నెలలు యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ నడిచింది. చివరికి ఒకరోజు ఎక్స్‌రేలో ఎడమ కింది భాగం తెల్లగా మూసుకుపోయి ఉంది. గట్టిపడిన కఫం గొట్టాన్ని బిరడాలా మూసేసిందట. అప్పుడు ఐజీఈ (రక్తంలో అలర్జీని చూపించే పదార్థం) పరీక్ష చేస్తే 2,300 వచ్చింది. ఎబిపిఎ అన్నారు. ఆ పేరు మేం వినడం అదే మొదటిసారి. మొదటి నెలలోనే ఆ రక్తపరీక్ష చేసి ఉంటే ఇంతదాకా రాదు.

బాబు_అమ్మ గారూ, ఆ గోధుమరంగు ముక్కలు అని రాశారు చూడండి, మా పాపకీ అవే పడ్డాయి.

ఊపిరి_లెక్క
బుధవారం, ఉదయం 7:15

అన్నా, పట్టించుకోవద్దని నేననలేదు. రిపోర్టు ఒక్కటే చూసి మందు వెయ్యద్దన్నాను. కానీ మీరు చెప్పిన ముక్కల సంగతి నేను సరిగ్గా చదవలేదు, ఒప్పుకుంటున్నా.

ఛాతీ_డాక్టర్
బుధవారం, మధ్యాహ్నం 2:05

ఊపిరితిత్తుల వైద్యుడిని. బాబుని చూడలేదు కాబట్టి చికిత్స చెప్పను. మీ డాక్టర్ని ఏం అడగాలో చెబుతాను.

సిఎఫ్ ఉన్నవాళ్ళలో ఆస్పర్‌జిల్లస్ నాలుగు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, ఊరికే ఉండటం. బాధ లేదు, ఊపిరి లెక్కలు పడలేదు, మందు అక్కర్లేదు. రెండు, ఒంటికి దానిమీద అలర్జీ ఏర్పడటం, కానీ ఇంకా ఊపిరితిత్తుల్లో పెద్ద మార్పు లేకపోవడం. మూడు, ఆస్పర్‌జిల్లస్ బ్రాంకైటిస్. ఇక్కడ అలర్జీ ఉండదు, బూజే గొట్టాల్లో ఇన్ఫెక్షన్‌గా కూర్చుంటుంది, కఫం పెరుగుతుంది, యాంటీబయాటిక్‌కి లొంగదు. నాలుగు, ఎబిపిఎ, అంటే అలర్జిక్ బ్రాంకోపల్మనరీ ఆస్పర్‌జిల్లోసిస్. ఇందులో నష్టం చేసేది బూజు కంటే మన ఒళ్ళే. బూజుని చూసి రోగనిరోధక శక్తి రెచ్చిపోయి గొట్టాల్ని వాచేలా చేస్తుంది. ఈ జబ్బుని మొదటిసారి ఇంగ్లండ్‌లో 1952లో వర్ణించారు.

ఈ నాలుగింటికీ కల్చర్ రిపోర్టు ఒకేలా ఉంటుంది. తేడా తెలిసేది రక్తపరీక్షల్లో. మొత్తం ఐజీఈ, ఆస్పర్‌జిల్లస్ మీద ప్రత్యేకమైన ఐజీఈ, ఐజీజీ, ఇయోసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్ల రక్తకణాలు), దాంతోపాటు ఛాతీ సీటీ. సిఎఫ్ వాళ్ళకి 2003లో నిపుణులు ఏకాభిప్రాయంతో రాసిన సూచనల్లో మొత్తం ఐజీఈ 1,000 దాటితే ఎబిపిఎని గట్టిగా అనుమానించమన్నారు, 500 దాటినా మిగతా లక్షణాలు కలిస్తే ఆలోచించమన్నారు. ఆస్తమా వాళ్ళతో సహా అందరికీ కలిపి 2024లో సవరించిన సూచనల్లో గీతని 500 దగ్గరే గీశారు.

ఎందుకింత చెబుతున్నానంటే మందు మారిపోతుంది. ఎబిపిఎ అయితే ముందు గుర్తొచ్చేది ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్, ఎందుకంటే వాపుని ఆపాలి. బూజు మందు దానికి తోడు. బూజు భారం తగ్గితే ఒంటిని రెచ్చగొట్టేది తగ్గుతుంది, స్టెరాయిడ్ త్వరగా దించొచ్చు అన్నది ఆలోచన. బ్రాంకైటిస్ అయితే లెక్క తిరగబడుతుంది, బూజు మందే అసలు మందు. రెండూ కాకపోతే ఏదీ వద్దు.

పరీక్ష చెయ్యకుండా నేరుగా ఇట్రాకొనజోల్ రాస్తే తప్పని అనను. కానీ మొదలుపెట్టే ముందు ఐజీఈకి రక్తం తీసి ఉంచడం మంచిది. మొదలుపెట్టాక అంకె మారిపోతుంది, తర్వాత ఎక్కడ మొదలైందో తెలియదు.

అనుమానం_పక్షి
బుధవారం, మధ్యాహ్నం 3:30

డాక్టర్ గారూ, ఇట్రాకొనజోల్ సిఎఫ్‌లో పనిచేస్తుందని గట్టి ఆధారం ఉందా? నేను చదివినంతలో లేదు.

ఛాతీ_డాక్టర్
బుధవారం, సాయంత్రం 6:20

మంచి ప్రశ్నే. గట్టిది లేదు. ఆస్పర్‌జిల్లస్ పదేపదే వస్తున్న సిఎఫ్ రోగుల మీద కెనడాలో చేసిన ఒక ప్రయోగం 2012లో అచ్చయింది. 35 మంది, 24 వారాలు, సగంమందికి ఇట్రాకొనజోల్, సగంమందికి ఉత్తి మాత్ర. లాభం కనపడలేదు. అయితే మందు వేసుకున్నవాళ్ళలో చాలామందికి రక్తంలో ఉండాల్సినంత మందు చేరనే లేదు. అంటే మందు పనిచెయ్యలేదా, మందు అందనే లేదా అన్నది తేలలేదు. పైగా ఆ ప్రయోగం ఎబిపిఎ ఉన్నవాళ్ళ గురించి కాదు.

సిఎఫ్‌లో ఎబిపిఎకి బూజు మందుల మీద వైద్య ప్రయోగాలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి సమీక్షలు చేశారు, లెక్కలోకి తీసుకోదగ్గ ప్రయోగం దొరకలేదు. మంచి ప్రయోగాలన్నీ ఆస్తమాతో ఎబిపిఎ వచ్చినవాళ్ళ మీద జరిగాయి. చండీగఢ్‌లో 131 మందితో ప్రెడ్నిసోలోన్‌నీ, ఇట్రాకొనజోల్‌నీ పోల్చి చూసింది 2018లో వచ్చింది. అందులో స్టెరాయిడ్ కొంచెం ముందుంది కానీ ఇట్రాకొనజోల్ కూడా ఎక్కువమందికి పనిచేసింది, దుష్ఫలితాలు తక్కువ. దాన్ని సిఎఫ్‌కి అన్వయించుకుంటున్నాం. అన్వయించుకోవడమే, నిరూపణ కాదు.

బాబు_అమ్మ
బుధవారం, రాత్రి 9:45

అందరికీ దణ్ణం. ఇంత వివరంగా ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఐజీఈ ఈ మధ్య చెయ్యలేదు, చివరిసారి మూడేళ్ళ క్రితం. రేపు వెళ్ళి రక్తం ఇప్పిస్తాను.

బాబు ఇప్పుడు వాడుతున్నవి రాస్తున్నాను, ఎవరైనా చూడండి: భోజనంతో అరుగుదల ఎంజైములు, ఒమెప్రజోల్, విటమిన్లు, వారానికి మూడురోజులు అజిత్రోమైసిన్, పొద్దున సాయంత్రం ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్, నెబ్యులైజర్‌లో ఉప్పునీరు, టోబ్రామైసిన్. సిఎఫ్ జన్యువు తయారుచేసే ప్రొటీన్ మీద పనిచేసే కొత్త మాత్రలు మొదలుపెట్టలేదు.

మందుల_చీటీ
బుధవారం, రాత్రి 10:02

ఆగండి ఆగండి. ఫార్మసిస్టుని. ఈ జాబితా చూసి నిద్ర వదిలింది. ఇట్రాకొనజోల్ రాసినవారికి ఈ జాబితా మొత్తం చూపించారా?

1. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఒమెప్రజోల్ చేసే పనే ఆమ్లాన్ని తగ్గించడం. రెండూ కలిస్తే క్యాప్సూల్ మింగినా రక్తంలోకి చేరేది కొద్దిగానే. సిఎఫ్ పిల్లల్లో అసలే కొవ్వూ మందులూ సరిగా ఒంటపట్టవు. అలాగని ఒమెప్రజోల్‌ని మీరే ఆపెయ్యకండి, ఎంజైములు బాగా పనిచెయ్యాలని ఇచ్చి ఉంటారు.

2. క్యాప్సూల్ భోజనంతో వేసుకోవాలి. అదే మందు ద్రావణం రూపంలో అయితే ఖాళీ కడుపుతో. రెండింటి నియమం పూర్తిగా ఉల్టా. ద్రావణానికి ఆమ్లం పెద్దగా అవసరం లేదు, అందుకే ఒమెప్రజోల్ వాడేవాళ్ళకి చాలాచోట్ల అదే ఇస్తారు.

3. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఫ్లూటికాసోన్‌ని ఒంట్లోంచి బయటికి పంపేది కాలేయంలో సిప్3ఎ4 అనే ఎంజైము. ఇట్రాకొనజోల్ దాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. దాంతో ఊపిరితిత్తుల్లో మాత్రమే పనిచెయ్యాల్సిన స్టెరాయిడ్ రక్తంలో పేరుకుపోతుంది. బ్యూడెసోనైడ్‌కీ ఇదే ఇబ్బంది. బెక్లోమెథాసోన్‌కి ఈ సమస్య చాలా తక్కువ, మార్చాలా అని డాక్టర్ని అడగండి.

అజిత్రోమైసిన్ కూడా ఉంది, రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు కాబట్టి ఒక ఈసీజీ తీయించమని అడగండి. కాలేయం పరీక్ష మందుకి ముందు ఒకటి, తర్వాత మధ్యమధ్యలో.

వెన్నెల_ఇంట్లో
బుధవారం, రాత్రి 11:10

మూడో పాయింటు చదివి రాయకుండా ఉండలేకపోతున్నా. మా అమ్మాయికి జరిగింది అదే. పేర్లు ఎందుకులెండి, ఒక చోట బూజు మందు రాశారు, ఇంకో చోట ఇన్‌హేలర్ రాశారు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. రెండు నెలల్లో మొహం గుండ్రంగా ఉబ్బింది, పొట్టమీద ఎర్రటి చారలు వచ్చాయి. ఇంట్లో అందరూ "ఒళ్ళు చేసింది, బాగుపడుతోంది" అని సంతోషపడ్డాం. సిఎఫ్ పిల్ల లావెక్కితే ఎవరు అనుమానిస్తారు చెప్పండి! తర్వాత జ్వరంతో సొమ్మసిల్లి పడిపోయింది. స్టెరాయిడ్ ఎక్కువై, ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పనిచెయ్యడం మానేశాయన్నారు. కోలుకోవడానికి ఏడాది పైగా పట్టింది.

బాబు_అమ్మ గారూ, మీ జాబితా ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఎక్కడికెళ్ళినా ముందు అది బల్లమీద పెట్టండి.

కొత్త_ఊపిరి
గురువారం, ఉదయం 8:30

దీనికి దగ్గరగానే ఒక ప్రశ్న. నేను సిఎఫ్ కొత్త మాత్రల్లో ఒకటైన ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నాకూ ఆస్పర్‌జిల్లస్ కోసం వోరికొనజోల్ అనుకుంటున్నారు. నా మాత్ర సగానికి తగ్గిస్తే సరిపోతుందా?

మందుల_చీటీ
గురువారం, ఉదయం 9:15

మీ అంతట మీరు ఏదీ సగం చెయ్యకండి. ఈ కొత్త మాత్రలు కూడా అదే సిప్3ఎ4 దారిలో బయటికి పోతాయి. ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్ ఈ మూడూ గట్టిగా అడ్డేవే. వాటితో కలిస్తే ఉదయం మాత్రలు రోజూ కాకుండా వారానికి రెండే రోజులకి తగ్గించి, సాయంత్రం ఐవాకాఫ్టర్ మాత్ర మానేయాలని మందు తయారీదారుల పత్రంలోనే ఉంది. అంటే సగం కాదు, అంతకంటే చాలా తక్కువ. ఐసావుకొనజోల్, ఫ్లూకొనజోల్ మధ్యస్థంగా అడ్డుతాయి, వాటికి లెక్క వేరు. అయితే ఫ్లూకొనజోల్ ఆస్పర్‌జిల్లస్ మీద పనిచెయ్యదు, పేరు కలిసిందని పొరబడద్దు.

బూజు మందు ఆపాక మళ్ళీ మామూలు మోతాదుకి ఎప్పుడు రావాలో కూడా ముందే అడిగి రాసుకోండి. చాలామంది తగ్గించడం గుర్తుపెట్టుకుంటారు, పెంచడం మర్చిపోతారు.

లుమాకాఫ్టర్ ఉన్న పాత మాత్ర వాడేవాళ్ళకి కథ అడ్డం తిరుగుతుంది. అది ఎంజైముని రెచ్చగొట్టి బూజు మందునే కరిగించేస్తుంది, ఎంత వేసినా రక్తంలో నిలవదు. ఆ రెండూ కలపకపోవడమే మంచిదంటారు.

నిర్వాహకురాలు
గురువారం, ఉదయం 9:40

మోతాదుల మీద మాట వచ్చింది కాబట్టి గుర్తు చేస్తున్నా. ఇక్కడ చదివింది మీ డాక్టర్‌ని అడగడానికి, మందు పెట్టె తెరవడానికి కాదు. ఒక సభ్యుడు తన పిల్లాడి మోతాదు మిల్లీగ్రాముల్లో రాసి "ఇదే వాడండి" అన్నారు, ఆ పోస్టు తీసేశాను.

ఎండ_పొడ
గురువారం, రాత్రి 8:00

కొత్త_ఊపిరి, వోరికొనజోల్ మొదలుపెడితే ఎండ సంగతి ఎవరైనా చెప్పారా? నాకెవరూ చెప్పలేదు. మూడోవారంలో అరగంట బయట తిరిగొచ్చాను, సాయంత్రానికి మొహం, మెడ, చేతులు కాలిన కుండలా అయ్యాయి. తోలు ఊడింది. అప్పటినుంచి పొడుగుచేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటలేదు. ఏళ్ళ తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ప్రమాదం కూడా ఉందని తర్వాత తెలిసింది.

ఇంకోటి. మాత్ర వేసుకున్న అరగంటకి దీపాలు మరీ వెలుగుగా, రంగులు తేడాగా కనపడేవి. కాసేపటికి పోయేది. మొదటిరోజు మాత్రం కళ్ళు పోయాయనుకుని ఏడ్చేశాను. రాత్రి బండి నడపకండి.

మందు బాగా పనిచేసింది, అది కూడా చెప్పాలి. నా కఫం సగానికి సగం తగ్గింది.

పెట్రీ_డిష్
గురువారం, రాత్రి 9:20

వోరికొనజోల్‌లో ఇంకో తిరకాసు. దాన్ని కరిగించే ఎంజైము సిప్2సి19 మనిషి మనిషికీ పుట్టుకతోనే తేడాగా ఉంటుంది. ఒకే మోతాదు ఒకరికి చాలదు, ఇంకొకరికి విషం. పిల్లలు పెద్దవాళ్ళకంటే వేగంగా కరిగించేస్తారు. అందుకే రక్తంలో మందు స్థాయి చూడకుండా ఈ మందు నడపడం కళ్ళు మూసుకుని నడవడమే. సాధారణంగా తర్వాతి మోతాదుకి ముందు తీసిన రక్తంలో లీటరుకి 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చూస్తారు.

ఇట్రాకొనజోల్‌కి రెండువారాలు వాడాక తీస్తే అర్థవంతం, కనీసం 0.5 నుంచి 1 దాకా ఉండాలంటారు. ఒక జాగ్రత్త: ల్యాబ్ పద్ధతిని బట్టి అంకె మారుతుంది. బూజు పెరుగుదలని బట్టి కొలిచే పాత పద్ధతి, ఇట్రాకొనజోల్‌తోపాటు అది ఒంట్లో మారి తయారయ్యే ఇంకో పదార్థాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది, అంకె చాలా ఎక్కువ వస్తుంది. రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఐజీఈకీ అంతే. 1,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అన్నా, 2,400 నానోగ్రాములన్నా ఒకటే. చిట్టితల్లి_నాన్న గారూ, మీ 2,300 ఏ కొలతలో వచ్చింది?

చిట్టితల్లి_నాన్న
గురువారం, రాత్రి 9:50

ఇప్పుడే ఫైలు తీసి చూశా. ఐయూలోనే. గుండె ఒక్కసారి ఆగింది సార్, ఇన్నాళ్ళూ తప్పు చదివానేమోనని.

తోట_మాలి
శుక్రవారం, ఉదయం 7:05

ఇన్ని రసాయనాలెందుకు? బూజుని చంపే మూలికా నూనెలు ఉన్నాయి కదా. నెబ్యులైజర్‌లో రెండు చుక్కలు వేస్తే నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఛాతీ_డాక్టర్
శుక్రవారం, ఉదయం 7:30

దయచేసి వద్దు. ఏ నూనె అయినా ఊపిరితిత్తుల్లోకి వెళితే కరగదు, అక్కడే నిలిచి నిమోనియా తెస్తుంది. నెబ్యులైజర్‌లో వెయ్యదగ్గ బూజు మందు ఉంది, యాంఫోటెరిసిన్ బి. మాత్రలు పడనివాళ్ళకీ, మాత్రలకి లొంగనివాళ్ళకీ కొన్నిచోట్ల వాడతారు. అదీ దగ్గు తెప్పిస్తుంది, గొట్టాలు బిగుసుకుంటాయి. అందుకే మొదటి మోతాదు ఆసుపత్రిలోనే, ముందు గొట్టాలు విప్పే సాల్బుటమాల్ ఇచ్చి.

మందుల_చీటీ
శుక్రవారం, ఉదయం 7:45

యాంఫోటెరిసిన్‌ని ఉప్పునీటితో కలపకూడదు, విరిగిపోయి అడుగున చేరుతుంది. సిఎఫ్ ఇళ్ళలో ఉప్పునీటి సీసాలు చేతికందేలా ఉంటాయి కాబట్టి చెబుతున్నా.

అనుమానం_పక్షి
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

మందుకి లొంగని ఆస్పర్‌జిల్లస్ పెరుగుతోందని చదివాను. ఇలా నెలల తరబడి వాడటం వల్లేనా?

పెట్రీ_డిష్
శుక్రవారం, రాత్రి 10:15

కొంత అదే. నెలల తరబడి రక్తంలో చాలీచాలని మందు ఉంటే బూజుకి శిక్షణ ఇచ్చినట్టే. కానీ పెద్ద వాటా పొలాలది. పైరుకి కొట్టే బూజు మందుల్లో చాలావాటికీ, మన మాత్రలకీ గురి ఒకటే. బూజు తన కణపొరకి వాడుకునే ఎర్గోస్టెరాల్ తయారీలో ఒక ఎంజైముని రెండూ ఆపుతాయి. పొలంలో దానికి అలవాటుపడిన బీజం గాలిలో వచ్చి ఎప్పుడూ మాత్ర వెయ్యని మనిషి ఊపిరితిత్తుల్లో కూడా మొండిగా కూర్చుంటుంది. ఇలాంటివి మొదట నెదర్లాండ్స్‌లో బయటపడ్డాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర బూజుల జాబితా వేసినప్పుడు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ని పై వరుసలోనే పెట్టింది.

మందు స్థాయి బాగుండి కూడా మనిషి బాగుపడకపోతే ఆ బూజు మీద మందు పనిచేస్తుందో లేదో పరీక్షించమని ల్యాబ్‌ని అడగాలి. అది మామూలుగా చెయ్యరు, అడిగితేనే. అలాగే అన్ని బూజులూ ఆస్పర్‌జిల్లస్ కావు. సెడోస్పోరియం అని ఒకటుంది, సిఎఫ్‌లో తరచు కనపడేదే, చాలా మందులకి లొంగదు.

రెండో_జత
శనివారం, ఉదయం 6:20

ఊపిరితిత్తులు మార్పించుకున్నదాన్ని. ఆ సెడోస్పోరియం పేరు నా ఫైల్లో ఉన్నందుకే ఆపరేషన్‌కి ముందు బోలెడు చర్చ నడిచింది. మాలాంటివాళ్ళకి ఒక్క మాట: బూజు మందు మొదలుపెట్టినా, ఆపినా టాక్రోలిమస్ (మార్చిన ఊపిరితిత్తుల్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసుకునే మందు) స్థాయి తారుమారవుతుంది. మొదలుపెడితే ఎక్కేస్తుంది, ఆపితే పడిపోతుంది. రెండుసార్లూ కబురు చెయ్యండి.

బాబు_అమ్మ
పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. ఐజీఈ 1,640 వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ కూడా ఎక్కువే. సీటీలో గొట్టాలు కఫంతో మూసుకుపోయి కనపడ్డాయి. మా డాక్టర్ గారు వచ్చాక అన్నీ చూసి ఎబిపిఎ అనే అన్నారు. ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టారు. జాబితా బల్లమీద పెట్టగానే ఫ్లూటికాసోన్ తీసేసి బెక్లోమెథాసోన్ రాశారు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ బదులు ద్రావణం ఇచ్చారు. ఈసీజీ, కాలేయం పరీక్ష బాగున్నాయి. ఆ తొమ్మిది రోజులు ఆగినందుకు ఏమీ అనలేదు, ఐజీఈకి ముందే రక్తం ఇప్పించినందుకు మాత్రం "ఎవరు చెప్పారు?" అని అడిగారు.

చిట్టితల్లి_నాన్న
అదే రోజు, రాత్రి 9:55

అమ్మయ్య. త్వరగా దొరికింది. మా పాపకి తర్వాత మళ్ళీ తిరగబెట్టింది, అప్పుడు ఒమలిజుమాబ్ అని చర్మం కింద ఇంజెక్షన్ ఇచ్చారు, దాంతో స్టెరాయిడ్ దించగలిగారు. మీకు ఆ అవసరం రాకూడదనుకుందాం.

ఛాతీ_డాక్టర్
అదే రోజు, రాత్రి 10:30

ఒమలిజుమాబ్ మీద ఉన్నప్పుడు మొత్తం ఐజీఈ అంకె నమ్మడానికి ఉండదు, పెరిగినట్టే చూపిస్తుంది. చూసి భయపడకండి.

బాబు_అమ్మ గారూ, ఐజీఈ మామూలు అంకెకి దిగాలని ఎదురుచూడకండి. రెండు నెలల్లో ఐదోవంతో నాలుగోవంతో తగ్గి, దగ్గూ, సీటీ బాగుపడితే మందు పట్టినట్టే. అక్కడ ఎంత దగ్గర నిలబడుతుందో అదే ఇకమీదట బాబు సొంత లెక్క. మళ్ళీ దానిమీద ఇంకో సగం పెరిగితే అనుమానిస్తాం.

బాబు_అమ్మ
ఇంకో రెండువారాల తర్వాత, ఉదయం 11:05

రక్తంలో ఇట్రాకొనజోల్ స్థాయి 0.2 వచ్చింది. ఒక్కపూట మానలేదు అండి, గడియారం పెట్టుకుని ఇస్తున్నా. ఏడుపొస్తోంది.

మందుల_చీటీ
అదే రోజు, ఉదయం 11:12

ఎప్పుడు ఇస్తున్నారు? తిన్నాకా, తినకముందా?

బాబు_అమ్మ
అదే రోజు, ఉదయం 11:20

తిన్న వెంటనే, ఎంజైములతోపాటే. మీరు "భోజనంతో" అని రాసింది ఫోన్‌లో ఫొటో తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

అయ్యో. ఇప్పుడు పైకి వెళ్ళి చూశా. అది క్యాప్సూల్‌కి. ఫొటోలో కింది వాక్యం తెగిపోయింది.

మందుల_చీటీ
అదే రోజు, ఉదయం 11:26

తప్పు నాదీ ఉంది. క్యాప్సూల్, ద్రావణం రెండూ ఒకే పాయింటులో కుక్కాను, విడిగా రాయాల్సింది. ద్రావణం ఖాళీ కడుపుతో, ఇచ్చాక కనీసం గంటసేపు ఏమీ తినకూడదు. ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి ఇన్నాళ్ళూ తిన్నాక ఇచ్చామని చెప్పండి. అది తెలియకపోతే మోతాదు పెంచేస్తారు, తర్వాత సమయం సరిచేసుకుంటే మందు ఎక్కువైపోతుంది.

ద్రావణానికి కొంతమంది పిల్లలకి విరేచనాలవుతాయి, దాన్ని ఎంజైములు చాలకపోవడం అనుకోకండి.

వెన్నెల_ఇంట్లో
అదే రోజు, మధ్యాహ్నం 1:00

ఏడవకండి. స్థాయి పరీక్ష చేశారు కాబట్టే దొరికింది. మాకు ఆ పరీక్షే చెయ్యలేదు.

బాబు_అమ్మ
ఒక నెల తర్వాత, రాత్రి 8:40

స్థాయి 0.8. మోతాదు మార్చలేదు, సమయం మార్చామంతే. ఐజీఈ 1,120కి దిగింది. ఎఫ్‌ఈవీ1 80. గోధుమరంగు ముక్కలు పదిరోజులుగా పడలేదు. ద్రావణం రుచికి మాత్రం రోజూ మొహం వికారంగా పెట్టి, ఇది తాగితే బూజు ఏంటి నేనే చస్తా అంటున్నాడు.

ఊపిరి_లెక్క
అదే రోజు, రాత్రి 8:52

వాడికి చెప్పండి, ఆ రుచికి నేనూ 31 ఏళ్ళ వయసులో ముక్కు మూసుకునే తాగా.

మందుల_చీటీ
అదే రోజు, రాత్రి 9:10

చాలా సంతోషం. ప్రెడ్నిసోలోన్ ఇంకా నడుస్తోందా? చక్కెర చూస్తున్నారా? సిఎఫ్‌లో క్లోమం అసలే నీరసంగా ఉంటుంది, స్టెరాయిడ్ తోడైతే త్వరగా పెరుగుతుంది.

బాబు_అమ్మ
అదే రోజు, రాత్రి 9:18

రోజు విడిచి రోజుకి దించారు. చక్కెర వారానికి రెండుసార్లు చూస్తున్నా. నిన్న తిన్న రెండు గంటలకి 168 వచ్చింది, రాసి పెట్టాను. రేపు ఫోన్ చేసి అడుగుతా.